వద్దన్న ముద్ద

అనంతపురంలోని ఆ ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో ప్రసూన ఇప్పుడు వార్డెను. ఏటా జూలైలో కొత్తపిల్లలు చేరగానే సగంమంది ఆమె గది ముందు నిలబడతారు. "మేడమ్, మంచి జట్టులో పడాలంటే ఏం చేయల్ల?" అని అడుగుతారు. ఆమె చేతిలో పని ఆపదు. "నోరుండాది కదా, వాడుకోండి. దేవుడు ఊరికే ఇయ్యలేదు" అంటుంది. పిల్లలు మొహమొహాలు చూసుకుంటారు. ఈమె ఏదో కిటుకు దాస్తోందని గొణుక్కుంటూ పోతారు. ప్రసూనకు దాచడం చేతకాదు. ఆమె జన్మలో ఒక్కసారి దాచింది, అదేమైందో నా కళ్ళతో చూశాను. 1998లో మేమిద్దరం ఒకే రోజు ఆ హాస్టల్లో ట్రంకుపెట్టెలు దించాం. ఆమెది కదిరి దగ్గర పల్లె, చేలున్న పెద్ద ఇల్లు. నాది తాడిపత్రి.

జట్టంటే ఏమిటో ముందు చెప్పాలి. మా హాస్టలు బోరు ఎప్పుడో ఎండిపోయింది. రోజు మార్చి రోజు ట్యాంకరు వచ్చేది. గదికి ఎనిమిది మంది, గదికొక డ్రమ్ము. హారన్ వినబడితే చాలు, అన్నం ముందున్నా సరే, ఎనిమిది మందీ బిందెలు పట్టుకుని పరుగెత్తాలి. ఆ ఎనిమిది మందే జట్టు. స్నానం, చదువు, జ్వరమొస్తే కాఫీ, అన్నీ జట్టుతోనే. ఏ జట్టూ పిలవని పిల్ల కింద పొడుగు హాల్లో చాప వేసుకోవాలి. ఆమెకు డ్రమ్ములో వాటా లేదు, పక్కవీధి కొళాయి దగ్గర వరుసలో నిలబడాల్సిందే. అలా హాల్లో మిగిలినవాళ్ళు చాలామంది దసరాకు ఇంటికి పోయి మళ్ళీ రాలేదు. పరీక్ష తప్పితే మళ్ళీ రాయొచ్చు, పిలుపు తప్పితే చదువే తప్పిపోయేది.

పిలుపుకు ఒక పద్ధతి ఉంది. సీనియర్లు సాయంత్రం కొత్తపిల్లను గదికి పిలిచి నాలుగు మాటలు మాట్లాడతారు. తర్వాత పెద్ద బేసిన్లో అన్నం కలుపుతారు. జట్టులో పెద్దక్క అందరి చేతుల్లో ముద్ద పెడుతుంది. కొత్తపిల్ల చేతిలో కూడా ముద్ద పడిందా, ఆమె జట్టులో చేరినట్టే. పడలేదా, చేతులు దులుపుకుని కిందికి దిగడమే.

ప్రసూనకు కూర్చోవడం తెలియదు. పిలుపుల వారమంతా హాలులో ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగేది, మెట్లెక్కి మిద్దె మీదికి పోయేది, మళ్ళీ దిగేది. బయట ఎర్రటి దుమ్ముగాలి, లోపల ఈమె తిరుగుడు. ఒకసారి నాకు ఒళ్ళు మండి, "కాళ్ళలో చక్రాలున్నాయేమే? కాసేపు కూర్చో" అన్నాను.

"నాకు భయమైతాందే. పిలవకపోతే మా నాయన తోలుకపోతాడు. ఇంక ఇంట్లోనే" అంది.

ఆమె ధైర్యమంతా చిన్నమ్మ చెప్పి పంపిన బుద్ధులు. ఆ చిన్నమ్మ సుబ్బలక్ష్మమ్మ అప్పటికి పాతికేళ్ళ కింద హాస్టల్లో ఉండి చదివిందట. తక్కువ మాట్లాడాలి. ఏది అడిగినా ఒక్క ముక్కలో తేల్చాలి. ముఖ్యంగా ఊరి మొక్కులు, వ్రతాలు, ఒక్కపొద్దులు నోటివెంట రాకూడదు, వస్తే పల్లెటూరి బైతు అని వెక్కిరిస్తారు. ప్రసూన వీటిని ఎక్కాల్లా వల్లె వేసేది. అడక్కుండా ఇచ్చే సలహా, ఆకలి లేనివాడికి పెట్టే అన్నం ఒకటే అని నా అభిప్రాయం. చెప్తే వింటుందా!

శనివారం సాయంత్రం గంగాదేవక్క గది నుంచి మా ఇద్దరికీ పిలుపొచ్చింది. ఉన్నది ఒక్క చోటు. గంగాదేవక్క చిలమత్తూరు వైపు కూలివాళ్ళ బిడ్డ, ఆఖరి సంవత్సరం. నల్లగా, పొడుగ్గా, మాట మాత్రం కత్తి. ప్రసూనను రెండు ప్రశ్నలు అడిగింది. ఈమె ఒక్కో ముక్కలో జవాబిచ్చింది. నన్ను అడిగితే నేను ఊరంతా చెప్పుకొచ్చాను.

"ఈ కదిరి పాపకు కాళ్ళు ఒకచోట నిలబడవు. ట్యాంకరుకు బాగా పనికొస్తాది" అని గంగాదేవక్క నవ్వింది. జట్టంతా నవ్వింది. చోటు ఆమెదేనని నాకు అర్థమైపోయింది.

గంగాదేవక్క ఇంటి నుంచి తెచ్చిన శెనక్కాయల పొడి, నెయ్యి వేసి అన్నం కలిపింది. మొదటి ముద్ద ప్రసూన ముందుకు చాచింది.

ప్రసూన చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దక్కా" అంది. ఒక్క ముక్క. చిన్నమ్మ చెప్పినట్టే.

గంగాదేవక్క ఆ ముద్దను అలాగే పట్టుకుని ఈమె మొహంలోకి చూసింది. ఇంకొక మాట వస్తుందేమోనని ఎదురుచూసింది, రాలేదు. అప్పుడు ఆ ముద్ద నా చేతిలో పడింది. నేను తినేశాను. ఆకలి మీదున్నాను, పైగా చోటు కావాలి. అందులో నా తప్పేముందని ఇప్పటికీ అంటాను.

కానీ ఆ రాత్రి నాకు మెతుకు అరగలేదు. గదిలో వాళ్ళంతా ఒకటే మాట. పెద్దోళ్ళ బిడ్డ కదా, కూలోళ్ళ చేతి కూడు ముడుతుందా అని. గంగాదేవక్క మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. పొద్దున్నే కిందికి దిగి ప్రసూనను పట్టుకున్నాను.

"ఎందుకే వద్దన్నావ్?"

"నిన్న శనివారం కదా. కదిరి సామి ఒక్కపొద్దు. మధ్యాన్నమే తినేసినా, ఇంక రేత్రికి తినకూడదు."

"ఆ మాట ఆడ చెప్పేదానికేం రోగం?"

"చిన్నమ్మ చెప్పొద్దనింది."

"మీ చిన్నమ్మ వచ్చి నీకు నీళ్ళు మోస్తాదా? గంగాదేవక్క వాళ్ళమ్మ కూలికి పోతాది. అట్లాంటోళ్ళ బిడ్డ చేతి ముద్ద అంటు అని నువ్వు ముట్టలేదనుకున్నారు, తెలుసునా!"

ప్రసూన మొహంలో రక్తం లేదు. "అయ్యో, అట్లనుకునిందా అక్క" అని గిరుక్కున తిరిగి మెట్లెక్కింది. నేను వెనకాలే పరుగెత్తాను.

జట్టు పొద్దుటి అన్నానికి కూర్చుంది. పిలవని గదికి ఎవరూ పోరు, అది హాస్టల్లో చచ్చేంత సిగ్గు. ప్రసూన తిన్నగా పోయి గంగాదేవక్క ముందు కూలబడింది.

"ఏమమ్మా, దోవ తప్పి వచ్చినావా?" అంది గంగాదేవక్క.

"లేదక్కా. ముద్ద పెట్టు. నిన్న శనివారం, నాకు ఒక్కపొద్దు. చెప్తే నగుతారని చెప్పలే."

గంగాదేవక్క చేతిలో గిన్నె కింద పెట్టింది. "ఎవురు నగేది? మా అమ్మ గూడా శనివారం ఒక్కపొద్దే. ఆ ఒక్క మాట అనింటే, నీ ముద్ద మూత పెట్టి పొద్దున పెట్టింటి కదే!" గొంతు పైకి లేచి మళ్ళీ దిగింది. "మా అమ్మ మీ అట్లాంటోళ్ళ చేన్లో కలుపు తీస్తాది. సంగటి పైనుంచి ఎత్తి ఏస్తారు, చెయ్యి తగలకుండా. నిన్న నీ చెయ్యి ఎనక్కి పోతానే నాకు ఆయమ్మ కనపడింది. రాత్రంతా కండ్లు మూయలే."

ప్రసూన ఏడుస్తోంది. ఎవరూ ఓదార్చలేదు.

"ఇప్పుడు చోటు లేదు పాపా. ఇచ్చేసినాం" అంది గంగాదేవక్క నావైపు చూపించి. నేను తల వంచుకున్నాను. లేచి నా చోటు ఇస్తానని నేను అనలేదు, ఇమ్మని ప్రసూనా అడగలేదు. ఇంకే జట్టూ పిలవలేదు, ఆమె మూడేళ్ళూ హాల్లోనే ఉంది, కొళాయి నీళ్ళు మోసింది, వాళ్ళ నాయన రెండుసార్లు వచ్చి తోలుకపోతానంటే మొండికేసి పోలేదు.

ఆ పొద్దున మాత్రం ఆమె కళ్ళు తుడుచుకుని కుడిచెయ్యి చాచింది.

"చోటు కోసం రాలేదక్కా. ముద్ద కోసం వచ్చినా."

గంగాదేవక్క అన్నం కలిపింది. ముద్ద చేసింది. పైనుంచి వేయలేదు, ప్రసూన అరచేతిని తన ఎడమచేత్తో కింద పట్టుకుని, ముద్దను అందులో పెట్టి, వేళ్ళు మూసింది. ప్రసూన తింది. మెతుకు వదలకుండా వేళ్ళు నాకింది.

"ఇంకోటి తింటావా?"

"పెట్టక్కా. నిన్నటిది గూడా ఉండాది కదా."