కూయని పెట్టె

సోల్డరింగ్ పొగ ముక్కుకు తగిలితే నాకు ఇప్పటికీ ముందు సత్తిరాజు గారు గుర్తొస్తారు, తర్వాతే చేతిలో పని. అమలాపురంలో నేను చదివిన పాలిటెక్నిక్‌లో ఆయన ల్యాబ్ అటెండర్. పేరుకే అటెండర్. మైక్రోకంట్రోలర్ కాలిపోతే లెక్చరర్లు కొత్తది తెచ్చుకోమనేవారు. ఆయన మాత్రం పక్కన కూర్చునేవారు. "కొత్తది తెస్తే అదీ కాలుద్దమ్మా. ముందిది ఎందుకు పోయిందో చెప్పు."

ఆఖరి ఏడాది అందరూ రెడీమేడ్ ప్రాజెక్టులు కొనుక్కొచ్చుకుంటుంటే, నన్ను సొంతంగా చేయమని పోరు పెట్టింది ఆయనే. సఖినేటిపల్లి దగ్గర ఆయనకు చిన్న రొయ్యల చెరువు ఉండేది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రొయ్యలు బతకవు. వాటి చక్రం ఆగిందని సెన్సర్ కనిపెట్టగానే సైరన్ కూసే పెట్టె ఒకటి చేశాను. ల్యాబులో దాని ముందు ఫ్యాన్ పెట్టి, ఫ్యాన్ స్విచ్ కట్టేసి చూపిస్తే చెవులు చిల్లులు పడేలా కూసింది. ఆయన మురిసిపోయారు. "ఇంక మా ఆవిడ గట్టు మీద కాపలా కూర్చోక్కర్లేదండీ. ఇది కూసిందంటే వెళ్లి జనరేటర్ వేసుకుంటది" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పారు.

మబ్బు పట్టిన ఒక ఉదయం, ఆయన మా ల్యాబులో ఉండగా, చెరువు దగ్గర కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగాయి. పెట్టె కూయలేదు. దానికీ అదే కరెంటు ఇచ్చాను. బ్యాటరీ పెట్టాలన్న ఆలోచనే నాకు రాలేదు. సైరన్‌ను నమ్ముకుని వంటలో ఉన్న ఆయన భార్య అమ్మాజీ గారు బయటికి వచ్చేసరికి రొయ్యలు గట్టు వెంబడి చచ్చి పడున్నాయి.

అడిగినవాళ్లందరికీ ఆయన ఒకటే చెప్పారు: "మబ్బు కదండీ, ఆక్సిజన్ పడిపోయింది." నా పెట్టె సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ పెట్టె ఫొటోలు చూపించే వైవాలో మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆయన మళ్లీ చెరువు జోలికి పోలేదని తర్వాత విన్నాను. వెళ్లి క్షమించమని అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో. మొహం చెల్లలేదు. పిరికిదాన్ని.

పోయినేడు ఆయన చనిపోయారని తెలిశాక వెళ్లాను. అమ్మాజీ గారు లోపల్నుంచి ఆ పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టారు. వెనక చిన్న బ్యాటరీ అతికించి ఉంది.

"ఇది ఆయనే పెట్టారా అండీ?"

"ఆయ్. ఆ నెల్లోనే బాగుచేసేరండి. అమ్మాయి వచ్చేక చూపించాలి అనేవారు. మీరు రాలేదు కదండీ."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

ఇప్పుడు నేనూ పిల్లలకు ప్రాజెక్టులు చేయిస్తున్నాను. ఎవరు ఏం చేసి తెచ్చినా ముందు ప్లగ్ పీకేస్తాను. తర్వాత ఆయన పెట్టె తీసి, ముందు ఫ్యాన్ పెట్టి, రెండింటి ప్లగ్గులూ ఒక్కసారే పీకుతాను. కూస్తుంది. పిల్లలు నవ్వుతూ చెవులు మూసుకుంటారు. నేను మూసుకోను.