తెర ముందు పడవ

అబిడ్స్‌లోని ఫోటో స్టూడియోకు తెరలు గీసే బాలకిషన్, నదుల్లో పడవెక్కించి కాశీ దాకా తీర్థాలన్నీ చూపిస్తానని భార్య జయమ్మకు పెళ్ళైన కొత్తలో మాటిచ్చాడు. ఏటేటా వాయిదా వేస్తూ వచ్చాడు. తీరా ఆమెకు గుండెజబ్బు ముదిరి, దవాఖానలో డాక్టర్ పెదవి విరిచాడు.

శుక్రవారం స్టూడియోకు సెలవు. సేటునడిగి తాళం తెచ్చి, గిరాకీలు ఫోటో దిగే చెక్క పడవలో ఆమెను కూర్చోబెట్టాడు.

"నేనొక్కదాన్నే పోవుడేంది? మా దోస్తులను గూడ పిలువుండ్రి" అంది.

నాంపల్లిలో వాళ్ళ పక్కింటివాళ్ళు కొండమ్మ, సౌభాగ్య వచ్చారు. వెనక తెరలు ఒక్కొక్కటే దించాడు: ధర్మపురి, భద్రాచలం, చివరికి కాశీ. కొండమ్మ తెచ్చిన సర్వపిండిని జయమ్మే తన ఇంట్లోలా కొసరి కొసరి పెట్టింది.

"జర నిమ్మలంగ కూసోండ్రి, పడవ ఊగుతది!" అంది జయమ్మ.

దోస్తులు పడవ అంచులు పట్టుకున్నారు. పడవ దిగేటప్పుడు జయమ్మ, తడుస్తాయన్నట్టు, పొడి గచ్చు మీద చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుంది.

ఉగాది రాకముందే పోయింది.

అస్థికలు గంగలో కలిపి కాశీలో నిజమైన పడవ దిగుతుంటే, ధోతీ ఎత్తుకొమ్మని పడవవాడు అరిచాడు. బాలకిషన్‌కు వినబడలేదు. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, జయమ్మ కుచ్చిళ్ళు తడవకుండా పట్టుకుందామని పక్కకు చెయ్యి చాచాడు.