మాట్లాడకుండా కోసిన ఆకు

పెద్దమ్మ పోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ ల్యాబ్‌లో ఉన్నాను. ఏడవలేదు. "ఆ పొడి డబ్బా ఎక్కడుందన్నా? ఎవర్నీ ముట్టనియ్యకు," అన్నాను. ఆ ఒక్క మాట ఇప్పుడు చుట్టాలందరి ఇళ్లూ తిరుగుతోంది. సమాధి చేసి వచ్చిన సాయంత్రమే మా అమ్మ నా ముఖం మీద అనేసింది: "మా అక్క ఇంక ఇంట్లనే ఉండె, దీనికి అప్పుడే మందు మీదికి మనసు పోయింది. చదువుకున్నోళ్ల గుండె వేరే ఉంటది."

మందు దక్కించుకోవాలనుకున్నానని వాళ్లకు తోచింది. భయపడ్డానని ఎవరికీ తోచలేదు. చావింటికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు, ఆమె చేతి ఆఖరి మందు అని ఇంత పొడి కొంగున కట్టుకుపోతారని నా భయం. ఆ భయం ఎందుకో చెప్పాలంటే ముందు ఆమె గురించి చెప్పాలి.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైంది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేముందు, ఇంటి గేటు దగ్గర పసిరికలకు, అంటే కామెర్లకు, ఆకు మందు ఇచ్చేది. బీదర్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పరగడుపున వచ్చి నిలబడేవాళ్లు. దానికో పద్ధతి ఉంది. పొద్దు పొడవకముందే ఆకు కోయాలి. కోసినప్పటి నుంచి నూరి, మజ్జిగలో కలిపి తాగించేదాకా పెదవి విప్పకూడదు. విప్పితే గుణం పోతుంది. పచ్చి ఆకు దొరకని రోజులకని ఎండబెట్టిన ఆకు పొడి ఒక డబ్బాలో పెట్టుకునేది. ఆకు పేరు ఒక్కరికి తప్ప చెప్పకూడదు. ఆమెకు వాళ్ల అత్త చెప్పింది.

కళ్లు చూడటం ఆమెకు ఒక రోగంలా పట్టుకుంది. మనిషిని ఎండకు తిప్పి, బొటనవేలితో కింది రెప్ప లాగి చూసేది. అన్న పెళ్లిలో ఫోటోలు తీసేవాడిని ఆపి మరీ రెప్ప లాగింది. "పసుపు లేదు, పో బిడ్డా, తీసుకో ఫోటో," అని వదిలింది. వాడు ఆ రోజంతా అద్దం కనబడిన చోటల్లా ఆగాడు.

నేను బీఎస్సీ రెండో ఏడు చదువుతున్నప్పుడు మొక్కలు ఎండబెట్టి కాగితాలకు అంటించే పని ఉండేది. ఒకరోజు నా కట్ట తిరగేస్తూ పెద్దమ్మ ఒక కాగితం దగ్గర ఆగి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇది నీకెవరు చెప్పిర్రే?"

"ఎవరూ చెప్పలే పెద్దమ్మా. బాత్రూం గోడ వెనక మొలిచింది. నేల ఉసిరి. పుస్తకంల ఉంది."

తర్వాత నవ్వింది. "ఇన్నేండ్లు కడుపుల దాచుకున్న. బాత్రూం గోడకు ముందే తెలుసన్నట్టు."

అప్పటి నుంచి నాతో దాపరికం పోయింది. ఎమ్మెస్సీలో నాకు ఇదే పని అయింది, మొక్కల్లోని పదార్థాలు వైరస్‌లను ఆపగలవా అని చూడటం. చదివింది చదివినట్టు ఆమెకు చెప్పాను. ఈ ఆకులోని కొన్ని పదార్థాలు గాజు పాత్రలో ఒక రకం కామెర్ల వైరస్‌ను అడ్డుకున్నాయి. మనిషి ఒంట్లో అంతే పని చేస్తాయని ఇంకా తేలలేదు. కామెర్లు ఒక రకం కాదు, కొన్ని ఏ మందూ వేయకపోయినా తగ్గిపోతాయి. కోపం వస్తుందనుకున్నాను. ఆమె చాటలో బియ్యం ఏరుతూ అడిగింది:

"అయితే నా దగ్గర తగ్గినోళ్లకు ఆకుతోని తగ్గెనా, ఊకెనే తగ్గెనా?"

"తెల్వది పెద్దమ్మా."

"తెల్వదని చెప్పే డాక్టరు మా దవాఖానల ఒక్కడే ఉండె. ఆయన మంచోడు."

ఆ రోజే నాకు, ఖటక్ చించోళి అనే ఊరి నుంచి మందుకు వచ్చిన ఒకామె సంగతి చెప్పింది. చలికాలం. శాలువా కప్పుకొని వచ్చింది, తాగింది, వెంటనే వెళ్లిపోయింది. ఇంట్లో వాళ్లు మందు పడింది కదా అని పండబెట్టారు. ఆసుపత్రికి తెచ్చేసరికి స్పృహ లేదు. నాలుగో నెల గర్భం. పెద్దమ్మ పనిచేసే వార్డులోనే పోయింది.

"ఆకు చంపలేదే. ఆకు తాగిందన్న ధీమా చంపింది. కడుపుతోనున్నవా అని ఒక్క మాట అడగలే నేను. నోరు తెరిస్తే గుణం పోతదని అడగలే."

గర్భిణికి ఆ రోగం ఎంత ప్రమాదమో ఆసుపత్రిలో పనిచేసిన ఆమెకు తెలుసు. తెలిసీ పద్ధతికి కట్టుబడి నోరు మూసుకుంది. ఆ తర్వాతి ఆదివారం నుంచి రోలు ముందు కూర్చుని నూరుతూనే పది ప్రశ్నలు అడిగేది. వచ్చినవాళ్లు గొణిగేవాళ్లు. "గుణం పోతే పోనియ్. మనిషి పోవద్దు," అనేది. ఎందుకు మారిందో నాకు తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నేను అచ్చులో రాస్తున్నాను. దీనికీ ఒక మాట పడతానని తెలుసు.

పోయిన ఆదివారం పొద్దున్నే కమలనగర్ నుంచి ఒక తల్లీ కొడుకూ వచ్చారు. ఆమె లేదని వాళ్లకు తెలియదు. కొల్హార్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి వచ్చిన అన్న నా వైపు చూశాడు. "ఇంత దూరం వచ్చిర్రు. నీకెరికే గద, ఇయ్యరాదు?" అమ్మ, అంత మాట అన్న అమ్మే, "మా అక్క పేరు నిలవెట్టు బిడ్డా," అంది.

అతన్ని ఎండకు తిప్పి రెప్ప లాగాను. గట్టి పసుపు. ఎన్నాళ్లయిందని అడిగాను. తల్లి చెప్పింది: "పది దినాలు. రాత్రి నిద్ర లేదు, పగలంత పంటుండు. నిన్న చెల్లె పేరు మర్చిపోయిండు."

రోగం మెదడుకు ఎక్కుతున్న గుర్తు అది. ఆకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఏమో, అది నిజంగానే పనిచేసేదేమో, నేనే అడ్డం పడుతున్నానేమో అని కూడా అనిపించింది. తెలియదు. గాజు పాత్ర ఇతని సంగతి నాకు చెప్పదు.

"ఆటో పిలువన్నా, జల్ది. పెద్ద దవాఖానకు."

"మందు తాగించి పోతం బిడ్డా," అంది తల్లి.

"వద్దమ్మా. తాగితే మీరు ఇంటికి పోతరు."

అమ్మ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నేనూ వాళ్లతో ఆటో ఎక్కాను. కొడుకు నా భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. తల్లి మాత్రం వెనక్కి తిరిగి, మలుపు వచ్చేదాకా మా గేటునే చూస్తూ ఉంది.

నేను ఆకు మందు ఇవ్వను. ఆదివారం వచ్చినవాళ్లను ఆసుపత్రికి తీసుకుపోతాను.