అక్క మళ్లీ విప్పిన బోల్టులు

నా చిన్నప్పుడు, తమ్ముడింకా పుట్టని రోజుల్లో, మేము వనస్థలిపురంలో అద్దెకుండేవాళ్లం. నాన్న ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. పక్కింటివాళ్లది దగ్గర్లోని పల్లెటూరే. ఆ ఇంటాయన ఒక పాత కారును కిరాయికి నడిపేవాడు. ఆయన కూతురు, నేను అక్కా అని పిలిచే అమ్మాయి, తండ్రి వెంట ఉండి బండి నడపడమూ రిపేర్లు చేయడమూ నేర్చుకుంది.

ఆ కారుకు చాలాకాలంగా ఇంజిన్ ఆయిల్ కారే జబ్బుంది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టిని వాళ్లు చాంబర్ అనేవారు. దానికీ ఇంజిన్‌కూ మధ్య ఉండే ప్యాకింగ్ ఎండిపోయి, అంచుల వెంట ఆయిల్ చుక్కలు పడేవి. చివరికది ధారే కట్టింది. ఆయనేమో మెట్ల మీద జారిపడి కుడిచేతికి పిండికట్టుతో ఉన్నాడు. ఇంతలో బంద్ వచ్చింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు, కిరాయిలూ ఉండవు. ప్యాకింగ్ మార్చడానికి ఇదే అదను అనుకుని, అక్క పొద్దున్నే ముందు చక్రాల్ని రాతి దిమ్మల మీదికి ఎక్కించి బండి కిందికి దూరింది.

చాంబర్ ఊడదీసి నేలమీద పెట్టిందో లేదో, మా అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. డాక్టరమ్మ చెప్పిన గడువు ఇంకా దూరంగానే ఉంది. నాన్న ఆఫీసు పనిమీద ఊళ్లో లేరు. పేరు రాయించిన ఆసుపత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో. వీధి మొత్తానికి ఉన్నది ఆ ఒక్క కారే, దాని అడుగు విప్పి ఉంది.

కాన్పు కోసం వచ్చి ఉన్న అమ్మమ్మ నన్ను ఇంటికీ కారుకీ మధ్య పరుగెత్తించింది. వెళ్లిన ప్రతిసారీ నేలకు చెంప ఆనించి బండి కిందికి చూసేదాన్ని. అక్క పాత ప్యాకింగ్‌ను గీకి, అంచులు తుడిచి, కొత్తది అతికించి, చాంబర్‌ను ఎత్తి బోల్టులు బిగిస్తోంది. ఇంట్లో అమ్మ మూలుగులు దగ్గర దగ్గరవుతున్నాయి. నేను ఆఖరిసారి వెళ్లేసరికి బోల్టులన్నీ ఎక్కేశాయి. అయిపోయిందని అరవబోయాను. కానీ అక్క కదలడం లేదు. చాంబర్ వెనక మూల మీద వేలు పెట్టి అలాగే చూస్తోంది.

"ప్యాకింగ్ జరిగింది నాయనా. మూలకు బయటికొచ్చింది. మళ్ల ఇప్పాలె," అంది, బండి పక్కనే నిలబడ్డ తండ్రితో.

"పోనియ్యి బిడ్డా, దవాఖాన దాంక ఎట్లనో వస్తది," అన్నాడాయన.

"రాకపోతే? నడి తొవ్వల ఆయిలంత కారి ఇంజిన్ పట్టేస్తే చిన్నమ్మనెట్ల తీస్కపోతం? ఇయ్యాల ఏ బండి దొరుకుతది?"

సంగతి తెలిసి అమ్మమ్మ బయటికొచ్చి నెత్తి కొట్టుకుంది. "ఇప్పుడు విప్పుతావుటే! దానికి ప్రాణం పోతోందమ్మా అక్కడ!" అంటూ ఏడ్చేసింది. అక్క బండి కింది నుంచి బయటికొచ్చి, నల్లటి చేతులతోనే మా ఇంట్లోకి వెళ్లి, అమ్మ మంచం ముందు నిలబడింది.

"చిన్నమ్మా, నాతోని తప్పయింది. సరిగ్గ కూసోలే. మళ్ల జేస్తున్న. జర ఓర్సుకో."

అమ్మ మంచం పట్టెను గట్టిగా పట్టుకుని ఉంది. కాసేపటికి ఊపిరి కూడదీసుకుని, "చెయ్యమ్మా. నువ్వు సరేనన్నాకే ఎక్కుతాను," అంది. అమ్మమ్మ ఏడుపు ఆపి కళ్లు తుడుచుకుంది. ప్యాకింగ్ జరగకుండా కట్టడానికి దారం కావాలని అక్క అడిగితే, పూలు కట్టే దారపుండ తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

అక్క అన్నీ విప్పింది. ప్యాకింగ్‌ను బోల్టు కన్నాల దగ్గర దారంతో చాంబర్‌కు కట్టింది. ముందు అన్ని బోల్టుల్నీ వేళ్లతోనే ఎక్కించి, తర్వాత పానాతో ఇటు కాస్త, అటు కాస్త బిగించుకుంటూ వచ్చింది. అమ్మ కేక వినిపించినప్పుడు ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగేది. మళ్లీ అదే నిదానంతో కదిలేది. కొత్త ఆయిల్ పోసి, బండి స్టార్ట్ చేసి, కిందికి వంగి చూసింది. చుక్క లేదు.

అమ్మను వెనక సీట్లోకి ఎక్కించి అమ్మమ్మ పక్కన కూర్చుంది. నేను ముందు సీట్లో అక్క పక్కన ఇరుక్కున్నాను. అద్దం కింద చిన్న ఎర్ర దీపం వెలిగితే చెప్పమంది, ఆయిల్ అందడం లేదని దానర్థమట. దారంతా రెప్ప వేయకుండా దాన్నే చూశాను. ఎల్బీనగర్ చౌరస్తాలో రాళ్లు అడ్డం పెట్టినవాళ్లు కారు ఆపారు. అమ్మ కేక విని వాళ్లే రాళ్లు జరిపారు. దీపం వెలగలేదు. ఆలస్యం చేశారని నర్సు కోప్పడుతూనే అమ్మను లోపలికి తీసుకెళ్లింది. కాసేపటికే తమ్ముడి ఏడుపు బయటికి వినిపించింది.

అప్పుడు ఆసుపత్రి మెట్ల మీద అక్క పక్కన కూర్చున్నాను. భయమేసిందా అని అడిగాను.

"భయమయ్యింది. గందుకే ఇప్పిన," అంది.

ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో తెలియని వయసు నాది. అక్కకు తెలుసు. తెలిసీ విప్పింది, విప్పే ముందు అమ్మకు చెప్పింది.

తర్వాత నేను లెక్కల టీచరునయ్యాను. బెల్లు కొట్టబోతుండగా, బోర్డు నిండా చేసిన లెక్క మొదట్లోనే తప్పిందని తెలిసిన రోజులు చాలా ఉన్నాయి. ఎలాగోలా జవాబు రప్పించి బయటపడొచ్చు, పిల్లలకు తెలియదు కూడా. కానీ నేను వాళ్లవైపు తిరిగి, "నా తప్పర్రా, మళ్లీ చేద్దాం," అని బోర్డంతా తుడిచేసేదాన్ని.