వద్దన్నా వడ్డించిన బల్ల

నీళ్ళ ట్యాంకరు వచ్చిన రోజే పండుగ అనుకునే ఆ వయసులో నాకు లోకమంటే మా ఊరు విడపనకల్లు, పరదేశమంటే పక్కనున్న బళ్ళారి. అలాంటి నేను అనంతపురంలో హోటలు చదువు ముగించి, విహార నౌకలో వడ్డన పనికి కుదిరాను. మావాళ్ళు బస్టాండులో నా ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు (సముద్రం బొమ్మ దొరక్క వెనకాల జలపాతం వేయించారు). ఊళ్ళో పెళ్ళిళ్ళకు వడ్డన పెద్ద అయిన మా పెదనాయన బస్సు కిటికీ దగ్గరికి వచ్చి మరీ చెప్పాడు: "ఎవురన్నా వద్దంటే ఇడ్సొద్దప్పా. సిగ్గుపడి అంటాండారని మనమే తెలుసుకోవల్ల."

ఓడెక్కాక నా కళ్ళు నిలవలేదు. నాకిచ్చిన ఒక్క బల్ల చుట్టూనే ఎన్ని దేశాలో! ఒక జర్మనీ దొర, ఒక ఇటలీ అవ్వ, మనవరాలితో వచ్చిన ఒక జపాను తాత. వీళ్ళందరికీ పెట్టే చేయి మా ఊరిదని ఛాతీ ఉబ్బిపోయేది. కానీ అది పరీక్షాకాలం. ఒక్క ఫిర్యాదు వచ్చినా తర్వాతి రేవులో దింపేస్తామని మా ఫిలిప్పీన్స్ సూపర్‌వైజరు ముందే హెచ్చరించాడు. దింపేస్తే ఆ ఫ్లెక్సీ కిందనుంచే నడిచి ఇంటికి పోవాలి.

ఒక మధ్యాహ్నం మన దేశపు భోజనం పెట్టారు. గరిటె చేతికి రాగానే నాకు పూనకం వచ్చింది. దొర వద్దని పళ్ళేనికి చేయి అడ్డం పెట్టాడు. మా పంక్తిలో అలా పెట్టారంటే ఇంకాస్త వేయమనే కదా! వేళ్ళ మీదుగానే పప్పు పోశాను. జపాను తాత మాత్రం ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, మర్యాదగా తల వంచేవాడు. ఖాళీ పళ్ళెం చూసి ఊరుకోవడం మా ఇంటావంటా లేదు. నేను పెడుతూనే ఉన్నాను, ఆయన చెమటలు కక్కుతూ తింటూనే ఉన్నాడు.

సూపర్‌వైజరు వచ్చి, ఏమైనా ఇబ్బందా అని బల్లనడిగాడు. దొర పప్పు కారుతున్న చేయి ఎత్తి చూపించాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు తాత మనవరాలు నెమ్మదిగా చెప్పింది, పెట్టింది మిగిలిస్తే వండినవాళ్ళను అవమానించినట్టని తాత పట్టుదలట. ఇటలీ అవ్వ పడీపడీ నవ్వి, మా ఇంట్లోనూ వద్దంటే ఎవరూ వినరు, ఈ అబ్బాయిని ఏమీ అనకండి అంది. దొరేమో, మా దేశంలో వద్దంటే వద్దనే అర్థమని నాకు వివరంగా చెప్పి, వేలు నాకి చూసి, ఫిర్యాదేమీ లేదన్నాడు.

ఆ సాయంత్రం పెదనాయనకు ఫోన్ చేసి, ఉద్యోగం పోబోయి నిలిచిందని జరిగినదంతా చెప్పాను. ఆయన అంతా విని, "అదుండనీలేప్పా. ఆ జపానాయన కడుపు నిండా తిన్యాడా, లేదా?" అన్నాడు.

తిన్నాడన్నాను. ఇప్పుడు అలాంటి ఓడల్లోనే కొత్తవాళ్ళకు వడ్డన నేర్పుతున్నాను. ఒకసారి అడగండి, వద్దంటే వదిలేయండి అని చెబుతాను. అది మర్యాదే, కాదనను. కానీ గరిటె పట్టుకుని అంత నమ్మకంగా నిలబడ్డ అప్పటి నాలోని కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, వాడి మీద కాస్త బెంగా కలుగుతుంది. ఏమాటకామాటే, వాడి బల్ల దగ్గర్నుంచి ఏ దేశమూ ఆకలితో లేవలేదు.