వేపమండ ఏది?

మీరు ఏడ్చింది ఆమె కోసం కాదు. మీ కోసం మీరే ఏడ్చుకున్నారు. కళ్లు తుడుచుకుని, మిగిలిన పాప్‌కార్న్ చేత పట్టుకుని హాయిగా ఇళ్లకు పోయారు.

ఆ సినిమాలో కర్ఫ్యూ నాడు పిల్లల్ని మంచం కింద దాచి, తలా ఒక మిస్రీ, అదే పటికబెల్లం, పలుకు నోట్లో పెట్టి "కొరికినోడు ఓడినట్టు" అని ఆట ఆడించే అవ్వ ఉంది కదా, మీరంతా చప్పట్లు కొట్టిన అవ్వ? ఆ అసలు మనిషి పోయిన వారం పొద్దున లాల్‌దర్వాజాలోని తన ఇంట్లో చనిపోయింది. మేము బయట పాడె కడుతుంటే ఒక జంట బండి ఆపి, "అంకుల్, మూవీలో ఇల్లు ఇదేనా? ఒక్క ఫోటో తీసుకుని పోతాం" అన్నారు. వాళ్లకు నేనేం చెప్పానో ఇక్కడ రాస్తే అచ్చు వేయరు.

ముందుగా ఒక మాట. ఆ కర్ఫ్యూ నాటికి ఆమెకు నిండా ముప్పై ఏళ్లు లేవు. సినిమా వాళ్లు తల నెరిపించి అవ్వను చేశారు. అవ్వలైతే జనం తొందరగా కరుగుతారని లెక్క.

ఆమె మా ఇంటి యజమానురాలు. అద్దెకున్న పిల్లలమంతా పెద్దమ్మ అనేవాళ్లం. ముందు గదిలో పసుపు కుంకుమ, అగరొత్తులు, మిస్రీ అమ్మే దుకాణం. నడుమ వాకిలి, చుట్టూ అద్దె గదులు. ఒకదాంట్లో మేము. వీధి వైపు గదిలో దర్జీ చాచా, ఆయన భార్య, పిల్లలు. పెద్దమ్మ నోరు మంచిది కాదు. వాకిట్లో నీళ్లు ఒలికిస్తే మూడు తరాలను తిట్టేది, తిట్టడం కాగానే, "ఏందిరా గట్ల సూస్తవు? ఇగో, మిస్రీ తిను" అని చేతిలో పెట్టేది. ఎవరైనా ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటే ఆమెకు ఒళ్లు మండేది. "ఏడిస్తే ఏడువు బిడ్డా, గని ఎవలికోసమో ఎరకుండి ఏడువు" అనేది. ఎవరి కోసమో తెలిసి ఏడవమని. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క మాట.

ఇంకో వింత అలవాటు ఉండేది. తనను ఎవరూ వదినా అని పిలవకూడదు. నేను హైస్కూల్లో ఉండగా కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక గుమస్తా గారి భార్య, పాపం, మర్యాదగానే అడిగింది: "వదినగారూ, కాస్త పసుపు ఇస్తారా?"

"పసుపు ఇస్త. గని అక్కా అను. వదినా అన్నవంటే నాకు మంట లేస్తది."

ఆవిడ బిత్తరపోయి మా అమ్మ దగ్గరికి వచ్చింది. "మీ వైపు వదినంటే తప్పు మాటాండీ?"

మా అమ్మ నవ్వలేదు. "ఈ ఇంట్ల తప్పే అమ్మా" అంది. ఎందుకు తప్పో మీ సినిమాలో లేదు. నేను చెప్తాను.

మా చిన్నప్పటి ఆ కర్ఫ్యూలో, సడలింపు ఇచ్చిన ఒక పూట, కుట్టిన బట్టలు ఇచ్చొస్తానని దర్జీ చాచా ఉప్పుగూడ వైపు పోయాడు. సడలింపు అయిపోయింది. ఆయన రాలేదు. గల్లీ మొదట్లో అరుపులు మొదలైనాయి. పెద్దమ్మ క్షణం ఆలోచించలేదు. చాచా భార్యనూ మా అమ్మనూ లోపలి గదిలో కూర్చోబెట్టింది. బోనాలకు తెచ్చిన, వాడిపోయిన వేపమండలను నీళ్లలో ముంచి, పచ్చగా కనబడేట్టు దులిపి, వీధి తలుపు పైన కట్టింది. దుకాణంలోంచి పిడికెడు పసుపు తెచ్చి గడపకు పూసింది. తలుపు మూసి గడియ పెట్టింది. నన్నూ, మా చెల్లెనూ, దర్జీ పిల్లల్నీ మంచం కిందికి తోసి, నోళ్లలో మిస్రీ పలుకులు పెట్టింది. "కొరికినోడు ఓడినట్టు. గెలిచినోనికి ఇంకోటి." మాకు భలే ఆట. నా పక్కనే పడుకున్న దర్జీ బిడ్డ నా చెయ్యి పట్టుకుని, నవ్వు ఆపుకోలేక కళ్లు మూసుకుంది.

తలుపు కొట్టారు.

"వదినా, తలుపు తియ్యి. దర్జీ పిల్లలు ఈడ ఉన్నరా?"

బాగా తెలిసిన గొంతు. రోజూ దుకాణం దగ్గర బీడీ కాల్చుకుంటూ ముచ్చట్లు పెట్టే మా గల్లీ మనిషి గొంతు. ఆ వెనకున్న గొంతులూ అలాంటివే.

"కండ్లు కనవడ్తలేవారా? మండలు కట్టిన గదా! మా పిల్లకు తల్లి పోసింది, ఒళ్లంత పోసింది. వస్తె రా. రేపు నీ పిల్లలకంటితె నన్ననకు."

బయట సద్దుమణిగింది. తర్వాత అదే గొంతు, "తల్లీ, తప్పయింది" అంది. చెప్పులు విడిచి దండం పెట్టినట్టున్నారు. పోయారు. చిన్నపిల్లల ఇంట్లోకి కత్తులతో రావడం తప్పు కాలేదు వాళ్లకు. అమ్మవారు పోసిన ఇంటి గడప తొక్కడం తప్పయింది.

ఆ రోజు ఆటలో దర్జీ బిడ్డ గెలిచింది. మళ్లీ కర్ఫ్యూ సడలించినప్పుడు వాళ్ల నాన్న గల్లీ మలుపులో శవమై దొరికాడు. మా తలుపుకు దండం పెట్టి అటే పోయారు వాళ్లు. పెద్దమ్మ అధికారులకు గొంతు గొంతుకూ పేరు చెప్పింది. "సరేనమ్మా" అన్నారు. అంతే. చాచా భార్య పిల్లల్ని తీసుకుని అన్నగారింటికి పోయింది. వదినా అన్నవాళ్లు మాత్రం అదే గల్లీలో పెళ్లిళ్లు చేసుకున్నారు, బోనాల్లో ముందు నడిచారు, ముసలివాళ్లయ్యారు.

పెద్దమ్మ ప్రతి ఏడూ బోనం ఎత్తుకుని గుడికి పోయి అమ్మవారితో పైకే మాట్లాడేది. "తల్లీ, నీ పేరు మీద అబద్ధమాడిన. మాఫ్ చెయ్యి." ఒకసారి తిరిగొస్తూ అడిగాను, ఇన్నేళ్లయినా మాఫ్ చెయ్యలేదా అని. "ఆమె ఎప్పుడో చేసిందిరా. నేనే వాళ్లకు చెయ్యలె" అంది.

ఇన్నేళ్ల తర్వాత ఈ సినిమా తీసినతను వచ్చాడు. అదే మంచం మీద కూర్చుని, చాయ్ తాగి, ఫోను రికార్డింగులో పెట్టుకుని అంతా విన్నాడు. పెద్దమ్మ దాపరికం లేకుండా చెప్పింది. ఎవరూ రాసుకోని మాటను ఎట్టకేలకు ఒకరు వింటున్నారని ఆమె ముఖం ఎంత తేటపడిందో నేను పక్కనుండి చూశాను. దర్జీ చాచా పేరును రెండుసార్లు పలికించి, "సక్కగ రాసుకో బిడ్డా" అంది. ఆమె అడిగింది అదొక్కటే.

సినిమా వచ్చింది. పెద్దమ్మను తీసుకుపోయాం. మిస్రీ ఆట వచ్చేసరికి హాలంతా నవ్వులు, ఈలలు. తెర మీద పిల్లల బుగ్గలు, కిటికీలోంచి బంగారు రంగు వెలుతురు, వెనక వేణువు. తలుపు ఎవరూ కొట్టలేదు. పెద్దమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"వేపమండ ఏది?"

వెనక కుర్చీ కుర్రాడు, "ఆంటీ, కూర్చోండి, సినిమా చూడనివ్వండి" అన్నాడు.

"సూడు బిడ్డా, మంచిగ సూడు. నేను గూడ గదే అంటున్న, సూపియ్యమను. దర్జీ ఏడి?"

నవ్వారు. మీరే. మతిలేని ముసలామె అనుకున్నారు. సినిమా అయ్యాక ఒక అమ్మాయి, మేమెవరో తెలుసుకుని, ఏడ్చిన కళ్లతో వచ్చి పెద్దమ్మను కౌగిలించుకుంది. "మీ బాల్యం ఎంత లక్కీ ఆంటీ!"

"నేనప్పుడు పిల్లను గాను తల్లీ. తలుపుకు అడ్డంగ ఉన్న."

మర్నాడు నాచేత ఫోను చేయించి సినిమా తీసినతన్ని నిలదీసింది. అతను మర్యాదస్తుడే. "అమ్మా, మండల సీన్ పెడితే లొల్లయితది. జనం బాధపడ్తరు. ఫ్యామిలీస్ రావాలి గదమ్మా" అన్నాడు.

"ఫ్యామిలీయే గదయ్యా ఖతమయింది!" అని ఫోను నాకిచ్చేసింది. ఆ తర్వాత ఆ సినిమా మాట ఎత్తలేదు. దుకాణంలో మిస్రీ అమ్మడం కూడా మానేసింది.

ఇక మీ సంగతి. మీరు రాసిన మెచ్చుకోళ్లన్నీ చదివాను. "రాజకీయాలు లేని స్వచ్ఛమైన సినిమా" అట. "ఆ రోజుల్లో గొడవల్లో కూడా ఎంత ప్రేమ ఉండేదో" అట. పిల్లల నోట్లో మిస్రీ పెట్టి వీడియోలు తీసి పంచుకుంటున్నారు. అయ్యా, అమ్మా, పిల్లకు తెలియకుండా ఉండే హక్కు ఉంది. ఆ హక్కు కోసం ఒక ఆడమనిషి తన దేవత పేరు మీద అబద్ధమాడింది. యాభై ఏళ్ల మనిషికి ఆ హక్కు లేదు. మీరింకా మంచం కిందే పడుకుని మిస్రీ చప్పరిస్తూ, తలుపు దగ్గర జరిగింది మాకెందుకంటున్నారు. తీపి తీసుకున్నారు, చేదును గుమ్మానికే వదిలేశారు. సినిమాలో ఎవరూ చంపలేదు, ఎవరూ చావలేదు. కర్ఫ్యూ వానలా వచ్చింది, వానలా వెలిసింది. ఇది జ్ఞాపకం కాదు, సాక్ష్యం మాయం చేయడం.

అంత్యక్రియలకు దర్జీ బిడ్డ వచ్చింది. ఆమెకూ నా వయసే. గల్లీలో ఎవరో పలకరింపుగా, "సినిమా చూసినవా అక్కా?" అన్నారు.

"నేను ఆ సినిమల ఉన్న భాయ్. మళ్ల టికెట్ కొనాల్నా?"

ఆమె లోపలికి పోయి పెద్దమ్మ పాదాల దగ్గర కూర్చుంది. నేను చాయ్ తీసుకుపోతే తల అడ్డంగా ఊపింది. నోరు విప్పలేదు. ఒక బుగ్గ కొద్దిగా ఉబ్బి ఉంది. పాడె గల్లీ మలుపు తిరిగేదాకా గడప మీద నిలబడి, ఒక చెయ్యి గడియ మీద వేసి, అట్లాగే చూసింది. కొరకలేదు.

అడగాల్సినవి అడుగుతున్నాను.

సినిమా తీసినవారికి: మొదట్లో "మనందరి బాల్యానికి" అని వేసుకున్నారు. అది తీసేసి దర్జీ చాచా పేరు వెయ్యండి.

పెద్దమ్మ చెప్పిందంతా మీ ఫోనులో ఉంది. ఒక్క మాట కొయ్యకుండా బయటపెట్టండి.

ఆమెను వదినా అని పిలిచినవాళ్లలో బతికున్నవాళ్లు దర్జీ బిడ్డ ముందుకొచ్చి నిలబడండి. దండాలు వద్దు. జరిగింది చెప్పండి.

"గొడవలైనాయి" అని రాయకండి. చేసినవాళ్లున్నారు.

మిస్రీ ఆట ఆడిస్తే, అది ఎందుకు పుట్టిందో పిల్లలు పెద్దయ్యాక చెప్పండి. చెప్పే ధైర్యం లేకపోతే ఆడించకండి.

మా గల్లీకి ఫోటోల కోసం రాకండి. వచ్చినా ఆ తలుపు ముందు నవ్వకండి, గట్టిగా మాట్లాడకండి. లోపల మంచం కింద పిల్లలున్నారు.