నేథన్ ఎక్కడికీ పోడు

బెథనీ నోట్లో నువ్వుగింజ నానదని హెక్‌లీ పట్టణమంతటికీ తెలుసు. బడిలో చదివే రోజుల్లో పాఠం చెప్పే ఆవిడకు పెళ్లి కుదిరిందన్న సంగతి ఆవిడ తల్లికన్నా ముందు ఊరికి తెలిసిందంటే, ఆ పుణ్యం బెథనీదే. అలాంటి మనిషి పెద్దయ్యాక బజారులో ఆడవాళ్ల సెలూన్ పెట్టుకుంది. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. ఒకరి జుట్టు తడుపుతూ ఇంకొకరి కథ చెప్పడం, ఆ కథకు తోక తగిలించి మూడో మనిషికి అందించడం, ఇదే ఆమె జీవితం. అందులో విషం మాత్రం ఉండేది కాదు. ఎవరికైనా కష్టమని తెలిస్తే కత్తెర పక్కన పెట్టి పరుగెత్తుకెళ్లేదీ ఆమే.

మాట తర్వాత ఆమెకు ప్రాణం రగ్బీ లీగ్. అది ఆమె ఎంచుకున్నది కాదు. యార్క్‌షైర్‌లోని ఆ మూల పుట్టిన పిల్లలకు అది పాలతోపాటే వస్తుంది. గని మూతపడి పని పోయిన వారం కూడా వాళ్ల నాన్న ఆమెను భుజాలమీద ఎక్కించుకుని ఆటకు తీసుకెళ్లాడు. ఇంటి వెనక సందులో బంతి తన్నుతూ వాళ్ల కిటికీ పగలగొట్టిన నేథన్ హెప్‌వర్త్, మీసం సరిగా రాకముందే హెక్‌లీ జట్టు చొక్కా తొడిగాడు. వాణ్ణే చేసుకుంది. అతనిది ముందు వరుసలో ఆట. బంతిని పొట్టకు అదుముకుని ఎదుటి జట్టు మనుషుల గోడలోకి తల దూర్చడం, పడటం, లేవడం, మళ్లీ దూర్చడం. పేపర్లో బొమ్మ పడే పని కాదు. ముక్కు ఎన్నిసార్లు విరిగిందో ఇద్దరికీ లెక్క లేదు. ముప్పై రెండేళ్లు వచ్చినా ఇంకో జట్టు చొక్కా ఎరగడు.

ఆ సంవత్సరం సెప్టెంబరుతో అతని ఒప్పందం ముగుస్తుంది. ఒప్పందం ముగియబోయేవాడు మే నెలనుంచి ఏ జట్టుతోనైనా మాట్లాడుకోవచ్చునని ఆట నియమం. నియమం ఆటగాళ్లకు, జ్వరం ఊరికి. ఎవరు ఎవరి ఫోటో మెచ్చుకున్నారు, ఎవరి కారు ఎవరి మైదానం దగ్గర కనిపించింది, ఇదే చర్చ. నేథన్ రంగుల దుకాణంలో డబ్బా కొంటుంటే చూసినవాడొకడు, ఇల్లు అమ్మకానికి ముస్తాబు చేస్తున్నాడని ఫోనులో అభిమానుల గుంపుకు ఎక్కించాడు. పాపం, అతను కొన్నది పెరటి తలుపుకు. సాయంత్రానికల్లా అతను ఐదు మైళ్ల అవతల ఉన్న థోర్న్‌షా జట్టుకు అమ్ముడుపోయాడన్నారు. హెక్‌లీ వాళ్లు పొరుగు దేశాన్నయినా క్షమిస్తారు గానీ థోర్న్‌షాను క్షమించరు.

కర్మ ఏమిటంటే అందులో సగం నిజం ఉంది. థోర్న్‌షా వాళ్లు నిజంగానే రెండేళ్లకు రమ్మన్నారు. నేథన్‌కు వెళ్లాలని లేదు. అతనికి కావలసింది ఒక్కటే, ఇంకో రెండేళ్లు హెక్‌లీలోనే ఆడి, ఆ మైదానంలోనే బూట్లు విప్పేయడం. బెథనీకి కావలసిందీ అదే. అతని బేరాలు చూసే ఏజెంటు గ్యారీ ఒకరోజు వంటింట్లో కూర్చుని, నేథన్ వంక చూడకుండా బెథనీ వంకే చూస్తూ చెప్పాడు. "వాడు పోతాడేమోనని హెక్‌లీ జట్టువాళ్లకు భయం ఉన్నంతసేపే మనకు బలం. ఈ నెలా, వచ్చే నెలా ఎవరేమడిగినా నాకు తెలియదు అను. ఆ ఒక్క ముక్కే. నీ వల్ల అవుతుందా తల్లీ?" ఎందుకవదు అంది బెథనీ, కాస్త కోపంగానే.

ఆ తర్వాత ఆమె పడిన అవస్థ పగవాళ్లకు కూడా వద్దు. కాలుకాలిన పిల్లిలా సెలూనంతా తిరిగేది. ఊడ్చిన నేలే మళ్లీ ఊడ్చేది. షాంపూ సీసాలను ఎత్తు ప్రకారం సర్దేది, నచ్చక రంగు ప్రకారం సర్దేది. ఒక జుట్టుకీ ఇంకో జుట్టుకీ మధ్య ఫోను తీసి, తన మొగుడి గురించి ముక్కూ మొహం తెలియనివాళ్లు ఏం రాశారో చదివేది. నేథన్ మోకాలు అరిగిపోయిందని ఒకడు, డబ్బు మనిషని ఒకడు. చదవొద్దని నేథన్ అనేవాడు. అతను మాత్రం మోకాలిమీద ఐసు సంచీ పెట్టుకుని, టీ తాగి, హాయిగా గురక పెట్టేవాడు. ఆ గురక వింటుంటే ఆమెకు ఒళ్లు మండేది. ఆడేది అతనైనా ఆట తనమీద జరుగుతున్నట్టుండేది.

కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషీ అద్దంలోంచి ఆమె మొహమే చూసేది. నాకు తెలియదు అంటే, తెలియకుండా ఎలా ఉంటుందని నవ్వేవాళ్లు. ఏమీ అనకపోతే, ఏమీ అనలేదంటే పోతున్నాడనే కదా అనేవాళ్లు. బెథనీ నోరు మూసుకుంది అన్నదే ఆ ఊళ్లో పెద్ద వార్త అయికూర్చుంది.

గురువారం గురువారం ఐరీన్ వచ్చేది. డెబ్బై దాటిన మనిషి, మొగుడు పోయి చాలా కాలమైంది. వెండి జుట్టు ఉంగరాలు తిప్పించుకోవడానికి వస్తుంది. ఆట ఉన్న రోజుల్లో మైదానంలో, జట్టును నడిపే డైరెక్టర్ల గదిలో టీ పోసేది ఆవిడే. జీతానికి కాదు, జట్టుమీది ప్రేమకొద్దీ. ఆ సంగతి అందరికీ తెలిసినట్టే బెథనీకీ తెలుసు.

ఆ గురువారం ఐరీన్ అడిగింది, బెథనీ తెలియదంది. ఐరీన్ అద్దంలో పెదవి విరిచింది.

"చెప్పకపోతే పోనీలే. థోర్న్‌షా వాళ్ల సంచీ పెద్దదటగా. మా ఆయన బతికుండగా అనేవాడు, చొక్కా మీద ప్రేమ ఇంకొకడు ఎక్కువ ఇచ్చేదాకానే అని. అందరూ అంతేలే తల్లీ. మీ ఆయనొక్కణ్ణీ అని ఏం లాభం?"

అందరూ అంతేలే అన్న ముక్క బెథనీకి సూదిలా దిగింది. ముందురోజు హెక్‌లీకి ఆడుతూ విరిగిన పక్కటెముకతోనే పెళ్లినాటి రాత్రి నాట్యం చేసిన మనిషి అందరిలాంటివాడా? వారాల తరబడి బిగబట్టిన కట్ట తెగింది.

"ఎవరన్నారు ఆంటీ? నేథన్‌ని ఈ ఊళ్లోంచి కదపాలంటే క్రేను తెచ్చుకోవాలి. నేథన్ ఎక్కడికీ పోడు. జీతం ఇవ్వం, ఊరికే ఆడు అన్నారనుకో, ముందు బూట్లు తొడుక్కుని ఆ తర్వాత ఎందుకూ అని అడిగే రకం."

ఐరీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి పట్టుకుని నొక్కింది. ఆ సాయంత్రం బెథనీ ఈల వేసుకుంటూ షట్టరు దించి, దారిలో మాంసమూ బంగాళాదుంపలూ కూరిన పైలు రెండు కొనుక్కుని ఇంటికెళ్లింది. చాలా రోజులకు తిండి సయించి తిన్నది. గుండెలమీది బండ దిగిందనుకుంది గానీ, ఎక్కడ దిగిందో ఆలోచించలేదు.

శనివారం ఐరీన్ టీ పోస్తూ ఆ మాట జట్టు ఛైర్మన్‌తో అననే అంది. చెడు ఉద్దేశంతో కాదు. ఇలాంటి కుర్రాళ్లు ఇంకెక్కడుంటారండీ అని మురిసిపోతూ, బూట్ల ముచ్చటతో సహా అంది. ఛైర్మన్ కూడా మురిసిపోయాడు. మురిసిపోయి, నేథన్ కొత్త ఒప్పందం కాగితాన్ని కట్టలో అడుగున పెట్టాడు. ఎక్కడికీ పోనివాడికి తొందరేముంది? తొందర ఉన్నవాళ్ల సంగతి ముందు చూద్దామనుకుని, ఆస్ట్రేలియానుంచి ఇరవై నాలుగేళ్ల కుర్రాణ్ణి అదే స్థానానికి తెప్పించుకున్నాడు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. ఆ కుర్రాడికి ఇవ్వగా మిగిలింది చూసుకుంటే నేథన్‌కు ఏడాది, అదీ సగం ఆటలు రెండో జట్టుతో, కుర్రాళ్లకు పాఠాలు చెబుతూ. ఇష్టమైతే ఉండు, లేకపోతే నీ దారి నీది అన్నారు, ఎంతో మర్యాదగా.

కబురు గ్యారీ ఫోనులో చెప్పాడు. ఊరికే అయినా ఆడతాడటగా అని ఛైర్మన్ నవ్వాడట. ఆ మాట ఎక్కడ పుట్టిందో తనకు తెలియదు గానీ, బేరం అక్కడే పోయిందన్నాడు. నేథన్ సరే అని ఫోను పెట్టేసి పెరట్లోకి వెళ్లి, రంగు వేసిన తలుపుకే మళ్లీ రంగు వేయడం మొదలుపెట్టాడు. ఆ మాట ఎక్కడ పుట్టిందో బెథనీకి తెలుసు. ఊరి గుట్టంతా విప్పిన నోటికి తన గుట్టు విప్పడం చేతకాలేదు. ఆ వారమంతా మొగుడి మొహం చూడలేకపోయింది. చెబుదామని గుమ్మందాకా వెళ్లడం, టీ కావాలా అని అడిగి తిరిగిరావడం. ఒకామెకు రంగు ఎక్కువసేపు ఉంచి జుట్టు నారింజపండు చేసింది.

చివరికి ఒక ఆదివారం పొద్దున అతను ఐసు సంచీ వెతుక్కుంటుంటే, వీపు వెనకనుంచి చెప్పేసింది. ఐరీన్, బూట్లు, అన్నీ. ఏడవకూడదనుకుని ఏడ్చింది.

నేథన్ తిరగలేదు. ఫ్రిజ్‌లోంచి ఐసు సంచీ తీశాడు.

"నువ్వు అన్నదానికేముంది, నేనే అన్నాను," అన్నాడు. "బేరం మొదలైన మొదటి రోజే ఛైర్మన్ అడిగాడు, ఎక్కడికైనా వెళ్లే ఉద్దేశం ఉందా అని. ఎక్కడికి పోతానండీ, ఇక్కడే పుట్టాను కదా అన్నాను. గ్యారీ ఆ రోజే నెత్తి కొట్టుకున్నాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే నువ్వు ఊరికి చెబుతావని."

ఆమె ఏడుపులోనే నవ్వింది. అతను చెప్పింది నిజమో, తనను ఊరడించడానికి అప్పటికప్పుడు అల్లిందో ఆమెకు ఈనాటికీ తెలియదు. గ్యారీని అడగొచ్చు. అడగలేదు. జీవితంలో ఆమె తెలుసుకోవడానికి భయపడిన సంగతి అదొక్కటే.

రెండో జట్టులో ఏడాదికన్నా రెండేళ్ల ఆటే మేలని నేథన్ థోర్న్‌షాకు సంతకం చేశాడు. వాళ్ల చొక్కా పట్టుకుని నిలబడ్డ ఫోటోలో అతని మొహం పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడి మొహంలా ఉంది. ఇల్లు మారలేదు, వీధి మారలేదు, సెలూన్ మారలేదు. అయినా వారంపాటు ఫోను మోగితే రద్దు చేసుకునేవాళ్లే. ఒకావిడ కుర్చీలో కూర్చుని మరీ, మీ ఆయన మా గుండె కోశాడమ్మా, కొంచెం చివర్లు కత్తిరించు చాలు అంది. ఐరీన్ మాత్రం గురువారం తప్పలేదు. నేను మంచే చెప్పానే, చెడు ఒక్క ముక్క చెప్పలేదు అని గొణుక్కుంటూ తల వంచింది. బెథనీ ఆ తలను మామూలుకంటే ఎక్కువసేపు కడిగింది. కోపం ఎవరిమీద చూపించాలో తెలియలేదు.

కొత్త సీజన్ ఫిబ్రవరిలో మొదలైంది. థోర్న్‌షా వాళ్లు హెక్‌లీకి ఆడటానికి వచ్చిన రోజు సన్నటి వాన. ఆటగాళ్ల భార్యలకు పంపిన టికెట్టు పట్టుకుని బెథనీ థోర్న్‌షా అభిమానుల వైపు గేటులోంచి లోపలికెళ్లింది. తెలిసిన గేటు మనిషి ఆమెను చూసి చూపు తిప్పుకున్నాడు. పుట్టినప్పటినుంచి తాను కూర్చున్న స్టాండును ఎదురుగా నిలబడి చూడటం అదే మొదలు. అంత చిన్నదని, పైకప్పు అంత తుప్పుపట్టిందని ఆమెకు ఎప్పుడూ తెలియదు. అక్కడ తన కుర్చీకి వచ్చే తలలన్నీ ఉన్నాయి. తాను దువ్విన జుట్లే.

నేథన్ బంతి ముట్టుకున్నప్పుడల్లా ఆ స్టాండు ఊళ పెట్టింది. అది ఆచారం. వదిలి వెళ్లినవాడికి ఊళ పెట్టకపోతే వాణ్ణి ఎప్పుడూ లెక్కచేయలేదని అర్థం. ఆ సంగతి బెథనీకి తెలుసు, తానే ఎందరికో పెట్టింది. అయినా ఒక్కొక్క ఊళకూ ఒళ్లు ముడుచుకుపోయింది. ఐరీన్ కూడా టీ గది వదిలి వచ్చి, గొడుగు ఊపుతూ అందరికన్నా గట్టిగా పెడుతోంది.

అంతలో మైదానం అంచున ఆడే హెక్‌లీ కుర్రాడొకడు గీతవెంట జారి, సరిగ్గా ఆమె ముందున్న మూలలో బంతిని నేలకు అదిమి పాయింట్లు కొట్టాడు. బెథనీ లేచి నిలబడింది. రెండు చేతులూ ఆకాశంలో ఉన్నాయి, నోరు తెరుచుకుని ఉంది. చుట్టూ వందలమంది థోర్న్‌షా వాళ్లు కూర్చుని ఆమెనే చూస్తున్నారని ఆ తర్వాత తెలిసింది. వెనకనుంచి ఒక పెద్దాయన అన్నాడు, ఎగతాళి లేకుండానే.

"కూర్చో తల్లీ. మీ ఆయన చూస్తున్నాడు."

చూస్తున్నాడు. గోలు స్తంభాల కింద, కొత్త చొక్కాలో, నడుంమీద చేతులు పెట్టుకుని, ముక్కునుంచి రక్తం కారుతుండగా నేథన్ ఆమె వంకే చూస్తున్నాడు. కోపం లేదు. ఒంటరిగా ఉన్నాడు, అంతే. అతణ్ణి ఆ మైదానంలో ఒంటరిగా చూడటం ఆమె ఊహించని సంగతి. చేతులు దించింది గానీ కూర్చోలేదు.

ఆట మళ్లీ మొదలైంది. బంతి నేథన్ చేతికి వచ్చింది. తల వంచి, తెలిసిన మొహాల గోడమీదికి, నిన్నటిదాకా పక్కన నిలబడ్డ కుర్రాళ్లమీదికి పరుగెత్తాడు. ఎదుటి స్టాండు ఊళ మొదలుపెట్టింది. బెథనీ కంచెదాకా దిగి రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది.

"దూరిపో నేథన్. పగలగొట్టు వాళ్లని."

గొంతు జీరపోయింది. అయినా మైదానం దాటి వినిపించేంత గొంతే అది. ఎదురుగా గొడుగు ఊపుతున్న ఐరీన్ ఆగి ఇటు చూసింది. పక్కవాళ్లూ చూశారు. ఒక్క క్షణం తగ్గిన ఊళ మళ్లీ లేచింది, ఈసారి ఆమెకు కూడా. బెథనీ కన్నీళ్లు తుడుచుకోకుండానే ఇంకోసారి అరిచింది.